నాక్స్ ప్రార్థనకు భయపడ్డానన్న రాణి ఏ మేరీ? ఆమె నిజంగా అన్న మాటలు ఏవి?

గుణదల_అమ్మాయి:
అందరికీ నమస్కారమండీ. మా పుట్టిల్లు ఆర్.సి.ఎమ్., అంటే కతోలికులం. అత్తగారిల్లు ప్రొటెస్టెంటు. పెళ్ళయి నాలుగేళ్ళయింది. ప్రతి శుక్రవారం ఇంట్లో కూడిక పెడతారు, నేనూ కూర్చుంటాను. పోయినవారం ప్రసంగంలో ఒక మాట వచ్చింది. కతోలిక రాణి బ్లడీ మేరీ స్కాట్లండును ఏలుతున్న రోజుల్లో జాన్ నాక్స్ అనే ప్రొటెస్టెంటు భక్తుడు "నాకు స్కాట్లండునైనా ఇవ్వు, చావునైనా ఇవ్వు" అని ప్రార్థించాడట. "యూరపు సైన్యాలన్నిటికంటే నాక్స్ ప్రార్థనలంటేనే నాకు భయం" అని ఆ రాణి అందట. అందరూ ఆమెన్ అన్నారు. నేను తలొంచుకుని కూర్చున్నాను.

చిన్నప్పుడు బోర్డింగులో సిస్టరుగారు మాకు చెప్పిన స్కాట్లండు రాణి మేరీ వేరు. ఎర్ర బట్టలు కట్టుకుని, చేతిలో సిలువ పట్టుకుని, తల నరికేవాణ్ణి క్షమించి, విశ్వాసం కోసం చనిపోయిన వేదసాక్షి ఆమె. ఈ ఇద్దరూ ఒకరేనా? ఆ భయం మాట నిజంగా ఆమెదేనా? ఎవరితోనూ వాదన పెట్టుకోవాలని కాదు, నాకు తెలుసుకోవాలనుంది.

చరిత్ర_మాస్టారు:
అమ్మాయ్, మంచి ప్రశ్న అడిగావు. ముందు ముగ్గురు మేరీలను విడదీద్దాం. అక్కడే అందరూ తడబడతారు.

బ్లడీ మేరీ అంటే ఇంగ్లండు రాణి మొదటి మేరీ, ఎనిమిదో హెన్రీ కూతురు. 1553 నుంచి 1558 దాకా ఏలింది. ఆమె కాలంలో దాదాపు 280 మంది ప్రొటెస్టెంటులను కొయ్యకు కట్టి కాల్చారు. ఆ పేరు అందుకే వచ్చింది. స్కాట్లండును ఆమె ఒక్కరోజు కూడా ఏలలేదు.

రెండో ఆమె మేరీ ఆఫ్ గీజ్, ఫ్రాన్సు ఆడపడుచు, స్కాట్లండు రాజు అయిదో జేమ్స్ భార్య. కూతురు చిన్నపిల్ల కాబట్టి కొన్నేళ్ళు తనే రాజ్యం చూసింది. 1560 జూన్‌లో పోయింది.

ఆ కూతురే మేరీ స్టువర్ట్, మీ సిస్టరుగారు చెప్పిన రాణి. 1542 డిసెంబరు 8న లిన్‌లిత్‌గో కోటలో పుట్టింది. అది మరియమాత పండుగ రోజు. ఆరు రోజులకే తండ్రి పోయాడు, ఆరు రోజుల పసికందు రాణి అయింది. అయిదేళ్ళకు ఓడెక్కించి ఫ్రాన్సు పంపారు. పదిహేనేళ్ళకు అక్కడి యువరాజుతో పెళ్ళి, పదహారేళ్ళకు ఫ్రాన్సు రాణి, పద్దెనిమిదో పుట్టినరోజుకు మూడు రోజుల ముందు విధవరాలు. 1561 ఆగస్టు 19న పొగమంచులో లీత్ రేవులో దిగేసరికి ఆమె పుట్టిన దేశం ప్రొటెస్టెంటు దేశమైపోయింది. అంతకు ఏడాది ముందే అక్కడి పార్లమెంటు పోపు అధికారాన్ని రద్దుచేసి, కతోలికుల దివ్యపూజ (మాస్) చేయడం నేరమని చట్టం చేసింది. నాక్స్‌తో ఎదురెదురుగా కూర్చుని మాట్లాడింది ఈమే.

ఒంగోలు_పాల్:
వందనాలు మాస్టారూ. పేర్లు కలిసిపోయాయంటే ఒప్పుకుంటాను. కానీ నాక్స్ గురించిన ఆ మాట నేను సండే స్కూల్లో కూర్చున్న రోజుల నుంచీ వింటున్నాను, మా నాన్నగారూ చెప్పేవారు. ఇంతమంది చెప్పేది ఊరికే పుట్టదు కదండీ?

చరిత్ర_మాస్టారు:
పాల్‌గారూ, మీ నాన్నగారి మాటను నేను తీసిపారేయను. నాక్స్ రాసింది చూసి చెబుతాను. రాణికీ తనకూ మధ్య జరిగిన సంభాషణలన్నీ ఆయనే తను రాసిన స్కాట్లండు మతసంస్కరణ చరిత్రలో పూసగుచ్చినట్టు రాసుకున్నాడు. ఆమె కోపం రాశాడు, ఏడుపు రాశాడు, తనను ఎలా బెదిరించిందో రాశాడు. రాణి ఆయన ప్రార్థనలకు భయపడ్డానని ఒక్కసారి అని ఉంటే అది ఆయన వదిలిపెట్టే మాట కాదు. అందులో అది లేదు. తరువాతి కాలపు వాళ్ళు చెప్పుకున్నదే. కొందరు కూతురి పేర చెబుతారు, కొందరు తల్లి పేర చెబుతారు.

ఇక్కడ నేను ఎప్పుడు చదివినా ఆగిపోయే సంగతి ఒకటుంది. నాక్స్ చరిత్రలో సైన్యాలతో పోల్చిన భయం ఉంది, కానీ అది రాణిది కాదు, నాక్స్‌ది. ఆమె దిగిన తరువాతి ఆదివారం, ఆగస్టు 24న, హోలీరూడ్ కోట గుడిలో తన కోసం పూజ చేయించుకుంది. ఆ పై ఆదివారం నాక్స్ పీఠమెక్కి, దేశంలో పదివేలమంది సాయుధ శత్రువులు దిగినా తనకు అంత భయం లేదనీ, ఆ ఒక్క పూజే ఎక్కువ భయమనీ ప్రసంగించాడు. లోకం నోట్లో నలిగి నలిగి ఆ భయం ఎటు నుంచి ఎటు మళ్ళిందో చూడండి.

గుణదల_అమ్మాయి:
మాస్టారూ, ఈ సంగతి రెండుసార్లు చదివాను. ఒక్క పూజ!

ఎడింబరో_నుంచి:
నేను ఇక్కడ ఆరేళ్ళుగా ఉంటున్నాను. హోలీరూడ్ మా ఇంటికి నడిచివెళ్ళే దూరం. ఆ ఆదివారం గురించి ఇక్కడ గైడ్లు చెబుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. పూజకు కొవ్వొత్తులు తీసుకెళ్తున్న సేవకుడి మీద పడ్డారు. "విగ్రహారాధన చేసే గురువును చంపాలి" అని బయట కేకలు. రాణి సవతి అన్న, లార్డ్ జేమ్స్, తను ప్రొటెస్టెంటు అయి ఉండి కూడా గుడి తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు, ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. మర్నాడే రాణి ఒక ప్రకటన చేయించింది: తను వచ్చేనాటికి దేశంలో మతం ఎలా ఉందో అలాగే ఉండాలి, ఎవరూ మార్చకూడదు, అలాగే తన ఇంటివాళ్ళను కూడా ఎవరూ వేధించకూడదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల చేసిన ప్రకటన అది. ఆ కాలంలో ఏ రాజు అలా చేశాడు? ఇంగ్లండులో లేదు, ఫ్రాన్సులో లేదు, స్పెయినులో అసలే లేదు.

ఒంగోలు_పాల్:
ఎడింబరో తమ్ముడూ, అది మంచి పనే. కాదనను. కానీ నాక్స్‌గారి భయానికీ కారణం ఉంది, అదీ చెప్పాలి. 1547లో ఫ్రాన్సువాళ్ళు ఆయన్ని పట్టుకుపోయి ఓడల్లో తెడ్డు వేసే బానిసను చేశారు. పంతొమ్మిది నెలలు! ఇంగ్లండులో మేరీ రాజ్యానికి రాగానే ప్రాణం చేతబట్టుకుని పారిపోయాడు. ఆయన తెలిసినవాళ్ళు మంటల్లో కాలిపోయారు. అలాంటివాడికి రాజభవనంలో పూజ మొదలైందంటే తరువాత ఏమొస్తుందో కళ్ళకు కట్టదా? ఆయన మాట కరుకే. ఆడవాళ్ళు రాజ్యమేలడమే దేవునికి విరోధమని 1558లో పుస్తకం అచ్చువేయడం నాకూ నచ్చదు. కానీ ఆయన భయం అబద్ధం కాదు.

చరిత్ర_మాస్టారు:
నిజం పాల్‌గారూ. ఆ తెడ్డు పట్టిన చేతులను మరిచిపోయి నాక్స్‌ను తూచకూడదు.

అమ్మాయ్, నీకోసం ఆ మొదటి సంభాషణ కొంచెం రాస్తాను. 1561 సెప్టెంబరు మొదటివారం. ఆమెకు పద్దెనిమిది, ఆయన యాభైకి దగ్గర్లో ఉన్నాడు. "అయితే నా ప్రజలు నా మాట కాక నీ మాట వింటారన్నమాట" అంటుంది. ఆయన తగ్గడు. అప్పుడు ఆమె తేల్చి చెబుతుంది: "నేను పోషించే సంఘం నీది కాదు. రోము సంఘాన్నే నేను కాపాడతాను. అదే దేవుని నిజమైన సంఘమని నా నమ్మకం." మనస్సాక్షి ఉండాలంటే జ్ఞానం కావాలి, అది నీకు లేదని భయపడుతున్నానంటాడు నాక్స్. "నేనూ విన్నాను, చదివాను" అంటుంది ఆమె.

ఆ వెంటనే వచ్చే మాట నాకు అన్నిటికంటే ఇష్టం. "మీరు లేఖనాలకు ఒక అర్థం చెబుతారు, వాళ్ళు ఇంకో అర్థం చెబుతారు. నేను ఎవరిని నమ్మాలి? తీర్పు చెప్పేదెవరు?"

ఈ మాట రాసిపెట్టింది ఆమె స్నేహితుడు కాదు, నాక్స్. అందుకే నమ్ముతాను.

గుణదల_అమ్మాయి:
"ఎవరిని నమ్మాలి, తీర్పు చెప్పేదెవరు?"

మాస్టారూ, పెళ్ళయిన మొదటి ఏడాది ఇదే ప్రశ్న నేను రాత్రిళ్ళు దిండులో మొహం పెట్టుకుని అడిగాను. మా ఫాదర్‌గారు ఒకటి చెప్పేవారు, ఇక్కడి పాస్టరుగారు ఒకటి చెప్పేవారు. ఇద్దరూ మంచివాళ్ళే. నాలుగు వందల అరవై ఏళ్ళ క్రితం ఒక రాణి అదే మాట అందంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

డిగ్రీ_రెండో_సంవత్సరం:
నాకు ఒక సందేహం. ఈమె రెండో భర్తను తనే చంపించిందని మా సెమినారులో ఒకరు అన్నారు. అదీ పుకారేనా?

వకీలు_రాజమండ్రి:
బాబూ, అది పుకారు అని తేల్చలేం, నేరం అని కూడా తేల్చలేం. జరిగింది ఇది: 1565 జూలైలో లార్డ్ డార్న్‌లీని చేసుకుంది. ఏడాది తిరక్కముందే, 1566 మార్చి 9 రాత్రి, ఆరు నెలల గర్భిణి భోజనం చేస్తుండగా ఆమె కళ్ళముందు నుంచి కార్యదర్శి రిజ్జియోను ఈడ్చుకుపోయి పొడిచి చంపారు. అందులో భర్త ఉన్నాడు. జూన్‌లో కొడుకు జేమ్స్ పుట్టాడు. 1567 ఫిబ్రవరిలో డార్న్‌లీ ఉంటున్న ఇల్లు మందుగుండుతో పేలిపోయింది, అతని శవం తోటలో దొరికింది. అందరి అనుమానమూ ప్రభువుల్లో ఒకడైన బోత్‌వెల్ మీద. మూడు నెలలకు ఆమె అదే బోత్‌వెల్‌ను, అదీ ప్రొటెస్టెంటు పద్ధతిలో, పెళ్ళాడింది. బలవంతం మీదనా, ఇష్టం మీదనా అన్నది నేటికీ వాదనే. ఆమెకు వ్యతిరేకంగా చూపించిన "పెట్టెలోని ఉత్తరాలు" అసలు ప్రతులు కనబడకుండా పోయాయి, మిగిలినవి నకళ్ళు, అనువాదాలు. నకలు మీద నేనైతే ఎవరికీ శిక్ష వేయమని వాదించను.

గుణదల_అమ్మాయి:
ఆ పెళ్ళి సంగతి సిస్టరుగారు మాకు చెప్పలేదు. బాధేసింది. కానీ తెలియడమే మంచిది.

ఎడింబరో_నుంచి:
ఆ పెళ్ళితో అన్నీ పోయాయి అక్కా. నెల తిరగకుండా ప్రభువులు తిరగబడ్డారు. లాఖ్ లెవెన్ సరస్సు మధ్య కోటలో పెట్టారు. అక్కడ కవలలు గర్భంలోనే పోయారు, ఆ నీరసంలో మంచం మీద ఉండగా రాజ్యం వదులుకున్నట్టు సంతకం పెట్టించుకున్నారు. 1568 మేలో తప్పించుకుంది, పదకొండు రోజులకే యుద్ధంలో ఓడింది, చేపల పడవెక్కి ఇంగ్లండు చేరింది. అక్క వరుస అయిన ఇంగ్లండు రాణి ఎలిజబెత్ ఆదుకుంటుందని. ఆ ఆదుకోవడం పంతొమ్మిదేళ్ళ చెర అయింది. ఆ ఇద్దరూ జీవితంలో ఒక్కసారి కూడా ఎదురుపడలేదు.

నరసాపురం_లేసు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా అమ్మ, అమ్మమ్మ క్రోషా లేసు అల్లి ఇల్లు నడిపారు. మా గోదావరి పల్లెలకు ఆ సూది పని నేర్పింది 19వ శతాబ్దంలో వచ్చిన మిషనరీ దొరసానులే. నేను లేసుతో పాటు ఎంబ్రాయిడరీ కూడా చేస్తాను. ఈ రాణి గురించి నాకు తెలిసిందల్లా సూది దారినే తెలిసింది, అది చెబుతాను.

చెరలో ఉన్న పంతొమ్మిదేళ్ళూ ఆమె కుట్టుతూనే ఉంది. 1569 ఫిబ్రవరిలో నికొలస్ వైట్ అనే ఇంగ్లండు అధికారి టట్‌బరీ కోటలో ఆమెను చూసి, ఢిల్లీలో మంత్రికి రాసినట్టు లండన్లో సెసిల్‌కు ఉత్తరం రాశాడు. వాతావరణం బాగోలేక బయటికి వెళ్ళలేనప్పుడు పొద్దు ఎలా పుచ్చుతారని అడిగితే, రోజంతా సూదితో పనిచేస్తానని, రంగులు రకరకాలుగా ఉండటం వల్ల విసుగు తెలియదని, ఒళ్ళు నొప్పి పుట్టి ఆపాల్సి వచ్చేదాకా కుడతానని చెప్పిందట. ఈ మాట చదివినప్పుడు నాకు మా అమ్మే కనిపించింది. ఆ నొప్పి ఎలాంటిదో సూది పట్టినవాళ్ళకు తెలుస్తుంది. పొద్దుటి నుంచి తలొంచుకుని కూర్చుంటే సాయంత్రానికి డొక్కలో పట్టేస్తుంది.

ఆ ఉత్తరంలోనే ఇంకో మాట ఉంది. ఆమె కుర్చీ పైన రాజచిహ్నంగా కట్టిన పందిరిగుడ్డ మీద ఫ్రెంచి వాక్యం ఒకటి కుట్టి ఉంది: "ఆన్ మా ఫ్యాఁ ఎ మోన్ కొమాన్స్‌మాఁ". అంటే "నా ముగింపులోనే నా మొదలు". ఇది తనకు అర్థంకాని పొడుపుకథ అని వైట్ రాసుకున్నాడు. ఆ వాక్యం ఆమె తల్లి గుర్తుతో ముడిపడింది. తల్లి గుర్తు ఫీనిక్సు పక్షి, కాలిన బూడిదలోంచి మళ్ళీ లేచేది. అంటే అమ్మ జ్ఞాపకాన్ని నెత్తిమీద కట్టుకుని కూర్చుందన్నమాట.

ఆమె కుట్టిన ముక్కలు ఇప్పటికీ ఉన్నాయి. నార్ఫోక్ జిల్లాలో ఆక్స్‌బరో హాల్ అనే పాత ఇంట్లో తెరలుగా కలిపి ఉంచారు. మనం మ్యాటీ గుడ్డ మీద క్రాస్ కుట్టు వేసినట్టే గళ్ళ గుడ్డ మీద పని. పక్షులు, చేపలు, జంతువులు. బొమ్మల పుస్తకాల్లోంచి గీసుకుని కుట్టినవి. ఎలుకతో ఆడుకుంటున్న ఎర్ర పిల్లి ముక్క హోలీరూడ్‌లో ఉంది. ఎలిజబెత్ జుట్టు ఎర్రది. అంతకంటే నేను చెప్పక్కర్లేదు. ఇంకోటి ఉంది, ఆకాశంలోంచి ఒక చెయ్యి వచ్చి కొడవలితో ద్రాక్షతీగను కోస్తుంటుంది. లాటిన్‌లో కుట్టిన మాటకు అర్థం "గాయంతోనే గుణం చిగురిస్తుంది". ఆ దిండును నార్ఫోక్ ప్రభువుకు పంపింది, అతణ్ణి పెళ్ళాడే ఆలోచన నడుస్తున్న రోజులవి. తరువాత అతని రాజద్రోహ విచారణలో ఆ దిండు కూడా సాక్ష్యమైంది. అతని తల పోయింది, 1572లో.

1574లో ఎలిజబెత్‌కు తన చేత్తో ఎర్ర సాటిన్ లంగా వెండి జరీతో కుట్టి పంపింది. తీసుకుంది గానీ విడిచిపెట్టలేదు.

ఒంగోలు_పాల్:
అక్కా, ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. మా ఆవిడకు చదివి వినిపించాను.

చరిత్ర_మాస్టారు:
అమ్మా, ఆ "ఢిల్లీలో మంత్రికి" అన్న పోలిక నాకు నచ్చింది, సెసిల్ స్థాయి అదే.

మాటల లెక్కకు వద్దాం. "నా ముగింపులోనే నా మొదలు" అన్నది చూసినవాడు అప్పుడే రాసిపెట్టాడు కాబట్టి నిక్కమైనది. కానీ అంతర్జాలంలో ఆమె పేర తిరిగే "వెళ్ళొస్తాను, అందమైన ఫ్రాన్సు దేశమా" అన్న పద్యం ఆమెది కాదు. 18వ శతాబ్దంలో ఒక ఫ్రెంచి పత్రికా రచయిత అల్లి ఆమె పేర పెట్టాడు. ఓడ మీద ఆమెతో ఉన్న బ్రాంటోమ్ రాసింది ఇంకా చిన్నది, ఇంకా బాగుంటుంది. తీరం కనుమరుగయ్యేదాకా ఓడ వెనకవైపే నిలబడి, "వెళ్ళొస్తాను ఫ్రాన్సు, నిన్ను ఇక ఎన్నడూ చూడనేమో" అని అంటూనే ఉందట. చూడలేదు కూడా.

చనిపోయే పొద్దున రాసిందని చెప్పే లాటిన్ ప్రార్థన కూడా తిరుగుతుంటుంది, "ప్రభువా, నిన్నే నమ్ముకున్నాను" అని మొదలవుతుంది. చాలా అందంగా ఉంటుంది. ఆ రోజు అక్కడున్నవాళ్ళ రాతల్లో మాత్రం లేదు. పాడుకోండి, కానీ ఆమె రాసిందని ఒట్టుపెట్టి చెప్పకండి.

సంకేతలిపి_శీను:
నేను సాఫ్ట్‌వేర్‌లో ఉంటాను, పాత సంకేతలిపులంటే పిచ్చి. 2023 ఫిబ్రవరిలో ఆమెవి 57 ఉత్తరాలు కొత్తగా బయటపడ్డాయి. పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఇటలీ కాగితాలని రాసిపెట్టిన కట్టలో ఉన్నాయి. ముగ్గురు ఔత్సాహికులు కంప్యూటరుతో లిపిని విప్పేసరికి భాష ఇటాలియన్ కాదు, ఫ్రెంచి అని తేలింది. క్రియల చివర స్త్రీలింగం, మధ్యలో "నా కొడుకు", "నా స్వేచ్ఛ" అన్న మాటలు. అలా రాసినది ఎవరో పట్టుకున్నారు. 1578 నుంచి 1584 దాకా, ఎక్కువ లండన్‌లోని ఫ్రెంచి రాయబారికి రాసినవి, మొత్తం దాదాపు 50 వేల పదాలు. ఆరోగ్యం బాగోలేదని, కొడుకును గురించి బెంగ అని, తన మనుషులకు పైకం పంపమని.

కానీ చివరికి సంకేతలిపే ఆమె ప్రాణం తీసింది. 1586లో చార్ట్‌లీలో ఉన్నప్పుడు బీరు పీపాల బిరడాల్లో దాచి ఉత్తరాలు రహస్యంగా పోతున్నాయని ఆమె అనుకుంది. ఆ దారి వేసిందే ఎలిజబెత్ మంత్రి వాల్‌సింగమ్. ప్రతి ఉత్తరం అతని మనిషి ఫెలిప్స్ చేతిలో విప్పుకుని, చదువుకుని, మళ్ళీ మూసి పంపేవాళ్ళు. ఎలిజబెత్‌ను చంపి తనను విడిపిస్తామని బాబింగ్టన్ అనే కతోలిక యువకుడు రాస్తే, జూలై 17న ఆమె జవాబు రాయించింది. ఆ నకలు మీద ఫెలిప్స్ ఉరికొయ్య బొమ్మ గీశాడు. అదీ చాలక, చంపబోయే ఆరుగురి పేర్లు అడుగుతున్నట్టు ఆమె లిపిలోనే దొంగ వాక్యాలు కలిపాడు.

ఒంగోలు_పాల్:
అయితే జవాబు ఆమె రాయించిందే కదా శీను. వేదసాక్షి అని చెల్లెమ్మ అంటుంటే నాకు అక్కడే ముడిపడదు. మా భాషలో హతసాక్షి అంటాం. ఆ మాట తేలిగ్గా వాడం. విశ్వాసం కోసం చంపబడినవాళ్ళకే. ఈమె రాజ్యం కోసం కుట్రలో కలిసింది.

వకీలు_రాజమండ్రి:
విచారణ గురించి ఒక మాట చెప్పి పాల్‌గారికి జవాబు వేరేవాళ్ళకు వదిలేస్తాను. 1586 అక్టోబరు 14, 15 తేదీల్లో ఫాదరింగే కోటలో జరిగింది. వకీలును ఇవ్వలేదు. ఆమె కాగితాలు ముందే పట్టుకుపోయారు. అసలు ఉత్తరం చూపలేదు, నకలే. కార్యదర్శులిద్దరి వాంగ్మూలం చదివారు గానీ వాళ్ళను ఎదురుగా నిలబెట్టలేదు. ఆమె ఇంగ్లండు ప్రజ కాదు, వేరే దేశానికి అభిషేకం పొందిన రాణి, కాబట్టి ఆ కోర్టుకు తన మీద అధికారమే లేదంది. వచ్చిన ప్రభువులతో ఆమె అన్న మాట: "మీ మనస్సాక్షిని చూసుకోండి. లోకమనే రంగస్థలం ఇంగ్లండు రాజ్యం కంటే విశాలమైనదని గుర్తుంచుకోండి." ముప్పై ఏళ్ళుగా కోర్టుల్లో ఉన్నాను, ముద్దాయి నోటి నుంచి ఇంతకంటే బరువైన మాట వినలేదు, చదవలేదు.

అయినా పాల్‌గారన్నట్టు, ఆ జవాబు ఆమెదే. ఎలిజబెత్ ప్రాణం తీయడానికి ఒప్పుకున్నాననే మాటను చివరిదాకా కాదంది, తప్పించుకోవడానికి ప్రయత్నించాననేది ఎన్నడూ దాచలేదు.

గుణదల_అమ్మాయి:
పాల్ అన్నా, మీరు అన్నది న్యాయమే. మా తిరుసభ కూడా ఆమెను పునీతురాలిగా ప్రకటించలేదు. నేను చిన్నప్పటి అలవాటుతో అన్నాను. కానీ ఒకటి చెప్పండి. శిక్ష పడ్డాక చెరసాల అధికారి పౌలెట్ ఆమె కుర్చీ పైన ఆ పందిరిగుడ్డ పీకించేశాడట. నరసాపురం అక్క చెప్పిన ఆ గుడ్డ కట్టే చోటు. ఆమె ఆ ఖాళీలో సిలువను, ప్రభువు శ్రమల పటాలను పెట్టుకుందని చదివాను. రాజ్యం పోయిన చోట సిలువ పెట్టుకున్న మనిషిని నేను ఏమని పిలవాలి?

ఒంగోలు_పాల్:
దానికి నా దగ్గర జవాబు లేదు చెల్లెమ్మా.

ఎడింబరో_నుంచి:
చివరి రాత్రి ఉత్తరం ఇక్కడి జాతీయ గ్రంథాలయంలోనే ఉంది, ఎప్పుడో గానీ బయట పెట్టరు. 1587 ఫిబ్రవరి 8, బుధవారం, అర్ధరాత్రి దాటి రెండు గంటలకు ముగించింది. మొదటి భర్త తమ్ముడు, ఫ్రాన్సు రాజు మూడో హెన్రీకి. అందులోని సంగతులు నాకు గుర్తున్నంతవరకు తెలుగులో చెబుతాను.

ఈ రోజు భోజనమయ్యాక తీర్పు తెలిపారు, పొద్దున ఎనిమిదింటికి నేరస్థురాలిలా నన్ను చంపుతారు అని రాసింది. కతోలిక విశ్వాసమూ, ఇంగ్లండు సింహాసనం మీద దేవుడిచ్చిన హక్కూ, ఈ రెండే తన మీద నేరాలంది. విశ్వాసం కోసం చనిపోతున్నానని చెప్పుకోనివ్వరంది. అదే కోటలో ఉన్న తన గురువును పాపసంకీర్తనం వినడానికి, సత్ప్రసాదం ఇవ్వడానికి రానివ్వలేదంది. ఆ తరువాత ముఖ్యంగా అడిగినవి రెండు. తన పనివాళ్ళకు బాకీపడ్డ జీతాలు ఇవ్వమని, తన ఆత్మ కోసం ప్రార్థన చేయించమని. దానికి తన దగ్గర డబ్బు లేదని.

పాల్ అన్నా, రాజ్యం, విశ్వాసం రెండూ కలిసే ఉన్నాయని ఆమే రాసింది. విడదీయడం మన పని, ఆమెది కాదు.

చరిత్ర_మాస్టారు:
పొద్దున జరిగింది చూసినవాళ్ళే రాశారు, క్లుప్తంగా చెబుతాను. హాలులో నల్లగుడ్డ కప్పిన వేదిక. పీటర్‌బరో గుడి పెద్ద (డీన్) ప్రొటెస్టెంటు ప్రార్థన మొదలుపెడితే, "నేను పురాతన రోమన్ కతోలిక మతంలో స్థిరపడ్డాను, దాని కోసం నా రక్తం ధారపోయడానికి సిద్ధపడ్డాను" అని ఆపింది. ఆయన ఇంగ్లీషులో, ఆమె లాటిన్‌లో, ఒకేసారి గట్టిగా ప్రార్థించారు. తలారి మోకరిల్లి క్షమాపణ అడిగితే, "మనసారా క్షమిస్తున్నాను. నా కష్టాలన్నిటికీ నువ్వు ముగింపు పలుకుతావని ఆశిస్తున్నాను" అంది. పై నల్లబట్టలు తీస్తే లోపల ఎర్రవి. వేదసాక్షుల పండుగకు గుళ్ళో గురువు వేసుకునే రంగు. మీ సిస్టరుగారు చెప్పింది నిజమే అమ్మాయ్. వయసు 44.

మొదటి వేటుకు తెగలేదు. ఇంతకంటే రాయలేను.

డిగ్రీ_రెండో_సంవత్సరం:
చివరి మాట ఏమిటి సార్?

చరిత్ర_మాస్టారు:
లాటిన్‌లో "ఇన్ మానుస్ తువాస్ దోమినే".

ఒంగోలు_పాల్:
31వ కీర్తన, అయిదో వచనం. "నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను." మా నాన్నగారు ఆసుపత్రిలో ఆఖరున చెప్పింది కూడా అదే. ఈ చర్చలోకి నేను వాదించడానికే వచ్చాను. చెల్లెమ్మా, నాక్స్ పేర ఆ ప్రార్థన మాట ఇక నేను ఎక్కడా చెప్పను. రాణి అన్నదని అసలే చెప్పను.

ఎడింబరో_నుంచి:
లండన్ వెళ్ళినప్పుడు వెస్ట్‌మినిస్టర్ అబీ చూశాను. కొడుకు జేమ్స్ ఇంగ్లండు రాజయ్యాక, 1612లో తల్లి అవశేషాలను, మొదట పూడ్చిన పీటర్‌బరో నుంచి అక్కడికి తెప్పించాడు. పది నెలల బిడ్డగా ఉన్నప్పుడు ఆమె చివరిసారి చూసిన కొడుకు. ఒక పక్క నడవలో ఈమె, ఎదురు నడవలో ఎలిజబెత్. ఆ ఎలిజబెత్ సమాధిలోనే, ఆమె కింద, అసలు బ్లడీ మేరీ ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ పునరుత్థాన నిరీక్షణతో ఇక్కడ నిద్రిస్తున్నారని రాయి మీద చెక్కారు. రెండు మేరీల మధ్య దూరం గుడి వెడల్పు అంతే.

గుణదల_అమ్మాయి:
నిన్న శుక్రవారం. ప్రసంగం అయ్యాక వంటింట్లో మా అత్తయ్యకు ఇదంతా చెప్పాను. పాస్టరుగారిని తప్పుపట్టినట్టు కాకుండా, కథలా. ఇద్దరు మేరీలనీ, నాక్స్ తెడ్డు వేసిన సంగతీ, ఆ ఒక్క పూజ సంగతీ. అత్తయ్య చిక్కుళ్ళు వలుస్తూ మాట్లాడకుండా విన్నారు. చివరి ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆపి, "ఆ పనివాళ్ళేమయ్యారే? వాళ్ళను వదిలేశారా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఎవరికైనా తెలుసా అండీ? అత్తయ్య మళ్ళీ పొద్దున కూడా అడిగారు.

నరసాపురం_లేసు:
నాకు తెలిసింది చెబుతాను. వెంటనే వదల్లేదు. రాణిని పూడ్చేదాకా, అంటే ఆగస్టు దాకా, అదే కోటలో ఉంచేశారు. ఎవరూ దాచుకోకుండా ఆ రోజు ఆమె ఒంటిమీది బట్టలు కాల్చేశారు. ఆ తరువాతే వైద్యుడు బుర్గోయిన్ ఆ ఉత్తరం పట్టుకుని ఫ్రాన్సు వెళ్ళగలిగాడు. చిన్నప్పుడు ఆమెతోపాటు ఫ్రాన్సు ఓడెక్కిన, మేరీ అనే పేరే ఉన్న నలుగురు చెలికత్తెల్లో మేరీ సీటన్ అప్పటికే రీమ్స్‌లో మఠంలో ఉంది.

వేదిక మీద పక్కన నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళలో ఒకామె ఎలిజబెత్ కర్ల్. వదిన బార్బరా మౌబ్రేతో ఆంట్వెర్ప్‌లో స్థిరపడింది. ఇద్దరినీ అక్కడే పునీత ఆండ్రూ గుడిలో పూడ్చారు. ఆ సమాధి రాయి పైన రాణి పటం పెట్టించారు. ఇప్పటికీ ఉంది. మీ అత్తయ్యగారికి చెప్పండి.